అదనూ పదునూ: ఆవ పైరును నిలబెట్టే సేద్యం



ఎవరి స్మృతిలో మనం ఈరోజు ఇక్కడ చేరామో ఆ గురువుగారు నూనెగింజల మనిషి. వేరుశనగ, ఆముదం, కుసుమ, నువ్వు ఆయన నిత్యం చూసిన పైర్లు. ఏ రైతయినా పురుగు పట్టిన కొమ్మ తెచ్చి చూపిస్తే మందు పేరు చెప్పడానికి ఆయన తొందరపడేవారు కాదు. "ఎప్పుడు విత్తావయ్యా? అప్పుడు నేలలో పదును ఎంత ఉంది?" అని అడిగేవారు. ఆ తర్వాతే కొమ్మను చేతిలోకి తీసుకునేవారు. అదనూ పదునూ కుదిరిన చేను సగం గెలిచినట్టేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వెనక ఎంత శాస్త్రం ఉందో చూపడానికి ఆవ పైరుకు మించిన ఉదాహరణ నాకు తోచలేదు. అందుకే ఆవనూ, దానికి దగ్గరి బంధువైన రేప్ పైరునూ ఈ ఉపన్యాసానికి ఎంచుకున్నాను.

ఈ పైరు మనకెందుకు

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచి వస్తున్నదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె దక్షిణ అమెరికా నుంచి, పొద్దుతిరుగుడు నూనె నల్లసముద్రం ఒడ్డు దేశాల నుంచి వస్తోంది. అక్కడ యుద్ధం వచ్చినా, ఎగుమతి సుంకం మారినా ఇక్కడ వంటింట్లో ధర మారిపోతుంది. ఈ పరిస్థితిని మార్చడానికి 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది. మళ్ళీ 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 10,103 కోట్ల రూపాయలతో కొత్త జాతీయ మిషన్‌ను ఆమోదించింది. 2022-23లో 390 లక్షల టన్నులున్న నూనెగింజల ఉత్పత్తిని 2030-31 నాటికి 697 లక్షల టన్నులకు చేర్చాలన్నది లక్ష్యం. ఆ లక్ష్యం మోయాల్సిన పైర్లలో ఆవ ముందు వరసలో ఉంది. దేశంలో పండే ఆవాల్లో సగానికి దగ్గరగా రాజస్థాన్‌దే. మిగతాది ఎక్కువగా మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, హర్యానా, పశ్చిమ బెంగాల్ రైతులు పండిస్తున్నారు.

అయితే ఈ పైరు సుకుమారమైనది. గింజ ఆవగింజంతే కాబట్టి మొలకకు నిల్వ బలం తక్కువ. మొదటి రెండు ఆకులు పోతే మొక్కే పోతుంది. పూత దశలో పేనుబంక, చలిలో తెగుళ్ళు, నేలలో ఉప్పు, వేరుకు పరాన్నజీవి కలుపు. వీటన్నిటి మధ్య హెక్టారుకు 20 క్వింటాళ్ళు తీసే రైతులూ ఉన్నారు, విత్తనం ఖర్చు కూడా రానివారూ ఉన్నారు. పక్కపక్క చేలలోనే ఈ తేడా కనిపిస్తుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందన్నదే నా విషయం.

ఒకే కుటుంబం, ఒకే ఘాటు

ఆవ, రేప్, క్యాబేజీ, ముల్లంగి ఒకే కుటుంబం. 1935లో జపాన్‌లో పనిచేస్తున్న నగహారు యు అనే శాస్త్రవేత్త ఈ బంధుత్వాన్ని తేల్చిచెప్పారు. నల్ల ఆవ, తోరియా జాతులు ప్రకృతిలో కలిసి మనం వాడే ఆవ పుట్టింది. తోరియా జాతి, క్యాబేజీ జాతి కలిసి రేప్ పుట్టింది. ఐరోపా చేలలో పసుపుపచ్చగా పూసేది రేప్. మన పంజాబ్, హిమాచల్‌లలో దాన్నే గోభీ సర్సోం అంటారు. కెనడాలో బాల్డర్ స్టెఫాన్సన్, కీత్ డౌనీ వంటివారు దీనిలో ఎరుసిక్ ఆమ్లాన్నీ, చెక్కలోని ఘాటు పదార్థాలనూ తగ్గించి 1970లలో కనోలాను రూపొందించారు.

ఆ ఘాటు సంగతి మన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆవపిండి కలిపిన కాసేపటికి ముక్కుకు తగిలే ఘాటు ఆవగింజలో అలా తయారుగా ఉండదు. గింజలో గ్లూకోసినోలేట్లు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. నూరి తడి తగిలించినప్పుడే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. పురుగు ఆకును కొరికినప్పుడు జరిగేది కూడా ఇదే. మామూలు పురుగులు ఆ ఘాటుకు తప్పుకుంటాయి. తప్పుకోనివి ఈ కుటుంబం మీదే బతకడానికి అలవాటుపడ్డ పురుగులు. వాటికి ఆ వాసన చేను ఎక్కడుందో చెప్పే ఆనవాలు. ఆవకూ రేప్‌కూ పెద్ద శత్రువులు తక్కువే అయినా, ఆ కొద్దీ ఇంత మొండివి కావడానికి కారణం ఇదే. మొక్క సొంత ఆయుధం వాటి మీద పనిచేయదు కాబట్టి రైతు తన తెలివిని ఆయుధం చేసుకోవాలి.

ఇంగ్లండ్ చేలు చెప్పిన పాఠం

రేప్ సేద్యంలో ఈ పాఠాన్ని అందరికంటే కష్టంగా నేర్చుకున్నవారు ఇంగ్లండ్ రైతులు. 2012లో బ్రిటన్‌లో ఈ పైరు సుమారు ఏడున్నర లక్షల హెక్టార్లలో ఉండేది. 2021 నాటికి అది మూడు లక్షల హెక్టార్ల దరికి పడిపోయింది. ఆ పతనానికి ప్రధాన కారణం నాలుగైదు మిల్లీమీటర్ల పొడవుండే ఒక గెంతుడు పెంకుపురుగు. అక్కడ దాన్ని క్యాబేజీ స్టెమ్ ఫ్లీ బీటిల్ అంటారు. నీలి మెరుపున్న నల్లటి పురుగు. చెయ్యి దగ్గరకు తెస్తే ఎగిరి గెంతుతుంది.

అక్కడ రేప్‌ను ఆగస్టులో విత్తి, మరుసటి జూలైలో కోస్తారు. వేసవి విశ్రాంతి ముగించుకున్న పెంకుపురుగులు సరిగ్గా మొలకలు వచ్చే వేళకు చేలలోకి వలస వస్తాయి, రాత్రిపూట బీజదళాలను కొరుకుతాయి. తర్వాత మొక్క మొదట్లో నేలలో గుడ్లు పెడతాయి. పిల్లపురుగులు చలికాలమంతా ఆకు కాడల్లోకి, అక్కణ్ణుంచి కాండంలోకి తొలుచుకుంటూ పోతాయి. బయటికి పచ్చగా కనిపించే మొక్క కాడను గోటితో చీల్చి చూస్తే నల్లటి తల ఉన్న తెల్లటి పురుగులు వరసగా కనిపిస్తాయి. చీల్చి చూడని రైతుకు నష్టం వసంతంలో గాని తెలియదు.

ఒకప్పుడు ఈ పురుగును నియోనికోటినాయిడ్ మందుతో శుద్ధి చేసిన విత్తనం అదుపులో పెట్టేది. తేనెటీగలకు హాని ఉందని ఐరోపా సమాఖ్య 2013 డిసెంబరు నుంచి ఆ తరగతిలోని మూడు మందులను ఇలాంటి పైర్లలో ఆపింది, 2018లో ఆరుబయట వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. చేతిలో మిగిలినవి పైరెత్రాయిడ్ మందులు. వాటిని పదేపదే చల్లడంతో పురుగు వాటికి అలవాటుపడింది. పైగా ఆ మందు పురుగును తినే మిత్రజీవులను చంపింది. అంటే మందు చల్లిన చేనులో పురుగుకు శత్రువులు కూడా లేకుండా పోయారు.

అక్కడ రేప్‌ను వదలకుండా పండిస్తున్న రైతులు ఏం చేస్తున్నారో గమనించాలి. మొదటిది, నేలలో తేమ ఉంటేనే విత్తుతున్నారు. క్యాలెండరు తేదీ వచ్చిందని పొడి దుమ్ములో విత్తడం మానుకున్నారు. తేమ ఉన్న నేలలో మొలక వేగంగా నాలుగాకులు వేస్తుంది. ఆ దశ దాటిన మొక్క కొరుకుడును తట్టుకుంటుంది. రెండోది, పురుగు వలసకు ముందే బలపడేలా ఆగస్టు మొదట్లోనో, వలస ఉధృతి తగ్గాక సెప్టెంబరులోనో విత్తుతున్నారు. మూడోది, పైరుతో పాటు బక్‌వీట్, క్లోవర్, మెంతి వంటివి కలిపి చల్లుతున్నారు. అవి మొలకలను కొంత మరుగుపరుస్తాయి, చలికి కొన్ని వాటంతటవే చనిపోతాయి. నాలుగోది, పాత చేలో రాలిన గింజల నుంచి లేచిన రేప్ మొక్కలను వెంటనే దున్నెయ్యకుండా కొన్నాళ్ళు ఉంచుతున్నారు. పురుగులు అక్కడే ఆగిపోతే కొత్త చేను బతుకుతుంది. మరికొందరు చలికాలంలో పైరును గొర్రెలకు మేపుతున్నారు. ఆకు కాడలతో పాటు అందులోని పిల్లపురుగులూ పోతాయి, మొక్క మళ్ళీ చిగురిస్తుంది.

వీటిలో ఏ ఒక్కటీ మందులా ఒక్క దెబ్బకు పనిచేయదు. కానీ అన్నిటిలోనూ ఒక సూత్రం ఉంది. పురుగు వచ్చే రోజునూ మొక్క లేతగా ఉండే రోజునూ ఒకటి కానివ్వకూడదు.

రాజస్థాన్ చేనులో మొదటి నెల

ఇప్పుడు మన దేశానికి వద్దాం. రాజస్థాన్‌లోని భరత్‌పుర్‌లో 1993లో ఆవ పరిశోధనకు జాతీయ కేంద్రం ఏర్పడింది. ఆ చుట్టుపక్కల జిల్లాల్లో ఆవ ఎక్కువగా వానాకాలపు తేమ మీద ఆధారపడి, ఒకటి రెండు తడులతో పండుతుంది. వానాకాలంలో నేలను బీడుగా ఉంచి, వాన పడ్డ ప్రతిసారీ దున్ని బల్ల తోలి తేమను లోపల బంధించడం పాత పద్ధతి. ఆ బీడులో జీలుగ వేసి కలియదున్నితే తేమతో పాటు నేలకు సారం కూడా చేకూరుతుంది.

అక్కడ విత్తడానికి సరైన సమయం అక్టోబరు రెండో వారం నుంచి నెలాఖరు లోపు. అంతకు ముందైతే ఎండకు మొలకలు మాడిపోతాయి. పైగా రంగురంగుల మచ్చలున్న బగ్రాడా నల్లి లేత మొలకల రసం పీల్చి చేనును ఖాళీ చేస్తుంది. అందుకే ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి సిఫారసులో ఉంది. కానీ విత్తనశుద్ధి రక్షణ కొద్ది వారాలదే. ఆ వారాల్లో మొక్క బలపడాలంటే నేలలో పదును ఉండాలి. ఎకరాకు రెండు కిలోల లోపు విత్తనం చాలు. 15-20 రోజుల్లో ఒత్తు మొక్కలు తీసి మొక్కకూ మొక్కకూ 10-15 సెంటీమీటర్ల ఎడం ఇవ్వాలి. ఈ పలచన చేయడాన్ని చాలామంది కూలి దండగ అనుకుంటారు. కానీ ఒత్తుగా ఉన్న మొక్కలు సన్నగా సాగి, కొమ్మలు వేయక, తెగులుకు తొందరగా లొంగుతాయి.

భరత్‌పుర్ ప్రాంతంలో చాలా చోట్ల భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. ఉప్పును ఆవ మొక్క పెద్దయ్యాక కొంత తట్టుకుంటుంది, మొలక దశలో తట్టుకోదు. అందుకే మంచి నీళ్ళు కొద్దిగా ఉన్నా వాటిని విత్తే ముందు తడికే వాడాలి. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర చౌడు నేలల పరిశోధనా సంస్థ సీఎస్ 52, సీఎస్ 54, సీఎస్ 56, సీఎస్ 58 వంటి రకాలను ఇలాంటి నేలల కోసమే రూపొందించింది. గంధకం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. గింజలో నూనె శాతం పెరగాలంటే గంధకం తప్పనిసరి. దుక్కిలో జిప్సం వేసే రైతుకు చౌడూ తగ్గుతుంది, గంధకమూ అందుతుంది.

పేనుబంకను లెక్కపెట్టడం

ఆవకు ప్రధాన శత్రువు పేనుబంక. ఇది చలికాలం నడుమ మొదలై జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉధృతమవుతుంది. మబ్బు పట్టిన చల్లటి రోజులు దీనికి అనుకూలం. ఆడ పురుగులు మగవాటి అవసరం లేకుండానే నేరుగా పిల్లల్ని పెడతాయి. పది రోజులు చూడకపోతే పూగుత్తి కనపడకుండా కప్పేస్తాయి. రసం పోయిన పూలు రాలిపోతాయి, కాయలు ముడుచుకుపోతాయి. అవి విసర్జించే తీపి బంక మీద నల్లటి మసి పెరిగి ఆకులు నల్లబడతాయి.

అక్టోబరులో విత్తిన చేనులో ఈ ఉధృతి వచ్చే వేళకు పూత గడిచి కాయ గట్టిపడుతుంటుంది. నవంబరు చివర విత్తిన చేను అప్పుడే లేత మొగ్గల్లో ఉంటుంది. అదే ఊరు, అదే రకం, అదే పేనుబంక. ఒకరికి స్వల్ప నష్టం, ఇంకొకరికి పంటే నష్టం. గురువుగారు మొదట తేదీ అడగడంలోని శాస్త్రం ఇది.

ఇక చేనులోకి వెళ్ళి చూద్దాం. ఒక మొక్క నడిమి కొమ్మ చివర పది సెంటీమీటర్లు పట్టుకుని దగ్గరగా చూడాలి. మొగ్గల మధ్య బూడిద ఆకుపచ్చ రంగులో పేనుబంక కిక్కిరిసి ఉంటుంది. వాటి మధ్య ఉబ్బి, గోధుమ రంగుకు మారి, కదలకుండా ఉన్నవి కొన్ని కనిపిస్తాయి. అవి డయేరెటియెల్లా అనే చిన్న కందిరీగ గుడ్డు పెట్టిన పేనులు. ఆ గట్టిపడ్డ చర్మం లోపల కందిరీగ పిల్ల పెరుగుతూ ఉంటుంది. కొన్నిటి వెనక గుండ్రటి రంధ్రం ఉంటే ఆ పిల్ల అప్పటికే బయటికి వెళ్ళిందని అర్థం. అదే కొమ్మ మీద అక్షింతల పురుగు, సిర్ఫిడ్ ఈగ పిల్లలు పేనును తింటూ ఉండవచ్చు. ఇవన్నీ చూసి, చేనులో నలుమూలలా మొక్కలు ఎంచి, పది సెంటీమీటర్ల కొమ్మకు సగటున పాతిక ముప్ఫై పేనులు దాటితేనే మందు మాట ఎత్తాలి. ప్రాంతాన్ని బట్టి ఈ హద్దు కొంత మారుతుంది, కానీ లెక్కపెట్టకుండా చల్లకూడదన్న నియమం మారదు. దానికంటే ముందే, డిసెంబరు చివర చేని గట్ల వెంట అక్కడక్కడా పేను పట్టిన కొమ్మ చివర్లను తుంచి నాశనం చేస్తే వ్యాప్తి బాగా తగ్గుతుంది. మందు తప్పనిసరి అయితే సాయంత్రం వేళ చల్లాలి. పగలు చేను నిండా తేనెటీగలుంటాయి. ఆవ పూత కాలంలో భరత్‌పుర్ పరిసరాల్లో తేనె పెట్టెలవారు చేలను వెతుక్కుంటూ వస్తారు. తేనెటీగ తిరిగిన చేనులో కాయ బాగా నిండుతుంది కాబట్టి ఆ పెట్టె ఆవ రైతుకూ ఆదాయమే.

వేరుకు పట్టే కలుపు

హర్యానాలోని భివానీ, మహేంద్రగఢ్ వంటి ఇసుక నేలల జిల్లాల్లోనూ, పక్కనున్న రాజస్థాన్‌లోనూ ఆవ రైతును ఏడిపించేది మార్గోజా అనే కలుపు. మన పొగాకు రైతులకు ఇది కొత్త కాదు. పొగాకు మల్లె అని మనవాళ్ళు పిలిచే ఒరోబాంకి జాతికే చెందింది. దీనికి పచ్చదనం ఉండదు, సొంతంగా ఆహారం తయారు చేసుకోదు. ధూళిలా ఉండే దీని విత్తనం ఆవ వేరు స్రవించే రసాయనం తగిలితేనే మొలిచి, ఆ వేరుకే అతుక్కుంటుంది. అది పైకి వచ్చి కనిపించే నాటికి ఆవ మొక్క సగం చిక్కిపోయి ఉంటుంది. ఒక్కో మొక్క లక్షకు పైగా విత్తనాలు రాలుస్తుంది, అవి ఏళ్ళ తరబడి నేలలో బతికే ఉంటాయి.

ఏటా అదే చేనులో ఆవ వేయడం దీనికి మేత వేయడమే. గోధుమ, బార్లీలతో పంటమార్పిడి చేయాలి. కనిపించిన మొక్కను గింజ పడకముందే పీకి కాల్చాలి. కలుపు ఉన్న చేనులోని పనిముట్లను శుభ్రం చేయకుండా శుభ్రమైన చేనులోకి తేకూడదు. ఒక్కరు చేస్తే చాలదు. గాలి, నీరు, పశువులు విత్తనాన్ని మోసుకొస్తాయి కాబట్టి ఊరంతా కలిసి చేయాల్సిన పని ఇది.

తెగుళ్ళు, మంచు

తెల్ల తుప్పు, ఆకుమచ్చ, కాండం కుళ్ళు ఆవకు పెద్ద తెగుళ్ళు. తెల్ల తుప్పు ముదిరితే పూగుత్తి ఉబ్బి వంకర్లు తిరిగి కాయలు పట్టవు. మెటలాక్సిల్‌తో విత్తనశుద్ధి, సకాలంలో విత్తడం దీనికి తొలి రక్షణ. కాండం కుళ్ళు శిలీంధ్రం నల్లటి గట్టి గింజల రూపంలో కాండం లోపలా నేలలోనూ నిలిచిపోతుంది. పొగమంచు రోజుల్లో నీరు పెట్టిన చేను దానికి బాగా లొంగుతుంది. అదే కాలంలో రాత్రి చలి గడ్డకట్టే దాకా పోతే లేత కాయలు మాడిపోతాయి. ఆ గండం నుంచి కాపాడేది తేలికపాటి తడి. ఒక ప్రమాదానికి నీరు వద్దు, ఇంకొక ప్రమాదానికి నీరు కావాలి. ఈ నిర్ణయం ఏ పుస్తకమూ ముందుగా చెప్పలేదు. ఆ వారపు వాతావరణ సూచన చూసి, చేనులో తిరిగిన రైతే తీసుకోవాలి.

కొత్త విత్తనం ఎంతవరకు

కొత్త వంగడాల కోసం పని జరగాలి. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అడవి జాతి బ్రాసికా ఫ్రుటిక్యులోసా నుంచి పేనుబంకను తట్టుకునే గుణాన్ని ఆవలోకి తెచ్చే ప్రయత్నంలో ముందుకు సాగారు. అలాంటి పనికి ప్రోత్సాహం ఉండాలి. జన్యుమార్పిడి చేసిన డీఎంహెచ్-11 అనే హైబ్రిడ్ ఆవ మీద నడుస్తున్న వివాదం మీకు తెలుసు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు దానిపై వేర్వేరు తీర్పులిచ్చారు. ఆ వివాదంలో మీరు ఏ పక్షమైనా ఉండండి, ఒక్క మాట గుర్తుంచుకోండి. అది హైబ్రిడ్ విత్తనం తయారు చేసే పద్ధతికి సంబంధించింది, పేనుబంకకో మార్గోజాకో విరుగుడు కాదు. ఆలస్యంగా విత్తిన చేనును ఏ విత్తనమూ ఆ ఆలస్యం నుంచి పూర్తిగా కాపాడలేదు.

మన పొలాలకు

తెలంగాణలో ఉత్తర జిల్లాల్లో ఆవ కొద్ది విస్తీర్ణంలోనే ఉంది. మనకు చలికాలం పొట్టిది. వరి కోసిన తర్వాత నవంబరు చివర ఆవ వేస్తే పూత ఎండలో పడుతుంది. సోయా, పెసర వంటి పైర్లు ముందుగా తీసిన నేలల్లో అక్టోబరులో, త్వరగా చేతికొచ్చే రకాలతో వేస్తేనే దానికి అవకాశం.

అయితే ఈ పాఠం ఆవ వేసేవారికి మాత్రమే కాదు. తాండూరు ప్రాంతంలో కుసుమ రైతులను అడగండి. అక్టోబరు దాటి విత్తిన కుసుమకు పేనుబంక ఎలా పడుతుందో వారు చెబుతారు. పత్తిని ఫిబ్రవరి, మార్చి దాకా సాగదీస్తే గులాబీరంగు పురుగు తర్వాతి ఏడాదికి ఎలా కాపు కాస్తుందో మనం చూస్తూనే ఉన్నాం. ప్రతి పైరుకూ ఒక కాలం, ప్రతి పురుగుకూ ఒక కాలం ఉంటాయి. ఆ రెంటినీ విడదీయడమే సేద్యంలో మొదటి సస్యరక్షణ. మందు చివరిది.

విస్తరణ అధికారులకు నా విన్నపం ఇది. విత్తే నెల ముందే ఊరికి వెళ్ళండి. నేల తేమ చూసి, ఏ వారంలో విత్తాలో ఊరందరికీ ఒకే మాట చెప్పండి. మొలక వచ్చిన మొదటి నెలలో మళ్ళీ వెళ్ళండి. పురుగు పట్టాక వెళ్ళేసరికి చెప్పడానికి మందు పేరు తప్ప ఏమీ మిగలదు. ప్రభుత్వానికి నా విన్నపం: విత్తనం, జిప్సం, పంటరుణం విత్తే వారానికి రైతు చేతికి అందకపోతే మిషన్‌కు పెట్టిన కోట్లు కాగితం మీదే మిగులుతాయి. అక్టోబరులో అందాల్సిన విత్తనం నవంబరులో అందితే ఆ నెల నష్టాన్ని పురుగు రూపంలో భరించేది రైతే.

విద్యార్థులారా, రైతు మీ దగ్గరికి పురుగు పట్టిన కొమ్మతో వచ్చినప్పుడు ముందుగా ఎప్పుడు విత్తాడో, అప్పుడు నేలలో పదును ఎంత ఉందో అడగండి. జవాబు విన్న తర్వాత ఆయనతో కలిసి చేనుకు వెళ్ళండి. గురువుగారికి మనం ఇవ్వగల నివాళి అదే.